డీఈఎఫ్ లైటు వెలిగిన శ్రావణం

పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతుండగా కారులో టింగుమని మోగి పసుపు లైటు వెలిగింది. వాన పడుతోంది. ముందు సిటీ బస్సు, వెనక హారన్లు. నేను డ్రైవింగ్ నేర్చుకుని అప్పటికి ఏడాది కూడా కాలేదు. బండిలో ఏ చిన్న చప్పుడైనా నాకు గుండె ఝల్లుమనేది.

"ఏంటది?" అన్నారు పక్క సీట్లోంచి మా ఆయన.

"ఏదో లైటండీ. పసుపుది."

"పసుపైతే ఫరవాలేదు, నడుపు. ఎర్రదైతేనే ఆపాలి. మీటర్ల మధ్య ఏదో రాసుంటుంది, చదువు."

బస్సు ఆగినప్పుడు చదివాను. డీఈఎఫ్ నాణ్యత సరిగా లేదని, ఎనిమిది వందల కిలోమీటర్ల తర్వాత ఇంజను స్టార్ట్ కాదని ఇంగ్లీషులో ఉంది.

"నాణ్యతా? తక్కువుందని కాదూ?"

"కాదండీ. క్వాలిటీ అనే ఉంది."

"సరిగ్గా చదివావా?"

"నాకు ఇంగ్లీషు వచ్చండీ."

ఆయన ముందుకు వంగి ఆ తెర వైపు చాలాసేపు చూశారు. తర్వాత సీటుకి వాలిపోయి, "మొన్న ఆదివారమేగా నిండా పోశాను" అన్నారు, నాతో కాదు, తనలో తాను.

మేం డయాలిసిస్‌కి వెళ్తున్నాం. వారానికి మూడుసార్లు అమీర్‌పేట నుంచి పంజాగుట్ట. నడిచి వెళ్ళగలిగినవాళ్ళకి పెద్ద దూరం కాదు. ఆయన అప్పటికే మా అపార్ట్‌మెంటు మెట్లు దిగడానికి రెండుచోట్ల ఆగేవారు.

ఆ కారు మా సొంతం. ఏడుగురు కూర్చునే డీజిల్ బండి. కరోనా తగ్గాక ఆఫీసులు మళ్ళీ తెరిచినప్పుడు ఆయన దాన్ని కొని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి తిప్పేవారు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళ దగ్గర ఆ కంపెనీలో చేసే పిల్లల్ని ఎక్కించుకుని గచ్చిబౌలిలో దించడం, మళ్ళీ తీసుకురావడం. నేను అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేదాన్ని. ఆ రోజుల్లో కంపెనీలు మనుషుల కోసం ఎగబడేవి. నా క్లాసులో కూర్చున్న పిల్లలు కోర్సు అయ్యేలోపే రెండు ఆఫర్లు జేబులో పెట్టుకుని ఏది తీసుకోమంటారు మేడమ్ అని అడిగేవారు. మా వీధంతా పండగలా ఉండేది. మా ఇంట్లో మాత్రం ఎప్పటినుంచో ఉన్న షుగరు మెల్లగా ఆయన కిడ్నీల్ని తినేసింది.

ఒకరోజు డ్యూటీ నుంచి తిరిగొచ్చి తాళంచెవి బల్లమీద పెట్టి, "ఇంక నా వల్ల కాదు, అలసటగా ఉంది" అన్నారు. డయాలిసిస్ మొదలైంది కూడా ఆ నెలలోనే. క్యాబులు బుక్ చేస్తే, ఇంత దగ్గరకా అని రద్దు చేసేవారు. అందుకని నలభై దాటాక ఆయన దగ్గరే బండి నేర్చుకున్నాను. నేర్పినన్నాళ్ళూ అరిచారు. ఆ తర్వాత కూడా పక్క సీట్లో కూర్చుని కుడికాలు నేలకేసి తొక్కేవారు, అక్కడ బ్రేకున్నట్టు. డ్రైవింగ్ సీటు నాకొచ్చేసినా, టైర్లలో గాలి, ఇంజనాయిల్, డీఈఎఫ్ మాత్రం తన చేత్తోనే చూసుకునేవారు. "అవి నీకు తెలీవు, ముట్టుకోకు" అనేవారు.

నిజంగానే నాకేం తెలీదు. ఆ రోజు ఆస్పత్రి పార్కింగులో బండి పెట్టి, ఆయన్ని లోపల మంచం మీద పడుకోబెట్టి వచ్చాక, డ్యాష్‌బోర్డు అరలోని బండి పుస్తకం తీసి చదివాను. డీజిల్ మూత పక్కనే నీలం మూత ఒకటి ఉంటుంది. అందులో పోసేది మూడో వంతు యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్ళు. డీఈఎఫ్ అంటే అదే. పొగగొట్టంలోకి చిమ్మితే అది పొగలోని విషాన్ని విరగ్గొడుతుంది. తక్కువైతే ఒక రకం హెచ్చరిక, పోసింది మంచిది కాకపోతే ఇంకో రకం, సెన్సారో పంపో పాడైతే మరో రకం. పట్టించుకోకుండా తిప్పితే అంకె తగ్గుతూ తగ్గుతూ సున్నాకి వస్తుంది. నడుస్తున్న బండి నడిరోడ్డు మీద ఆగిపోదు. ఒకసారి ఆపాక మాత్రం మళ్ళీ స్టార్ట్ కాదు.

డయాలిసిస్ అయ్యాక ఇదంతా ఆయనకి చెప్పాను. వాడిపోయిన మొహంతోనే నవ్వారు.

"ఒంట్లో యూరియా ఎక్కువైందని నన్నిక్కడ పడుకోబెడుతున్నారు. బండికేమో చాల్లేదట. మా ఇద్దర్నీ పక్కపక్కన పడుకోబెట్టి ఒక గొట్టం తగిలిస్తే సరిపోయేది."

నేను నవ్వలేకపోయాను.

సాయంత్రం భాయ్ వచ్చాడు. మా ఆయనతో పాటు అదే కంపెనీకి బండి తిప్పేవాడు, ఎర్రగడ్డలో ఉంటాడు. ఆయన జబ్బుపడ్డాక వారానికోసారైనా వచ్చి కూర్చునే స్నేహితుడు అతనొక్కడే.

"ఫికర్ చెయ్యకుండ్రి వదినా. గీ లైట్లు మస్తు సతాయిస్తయి. నా బండికి సుత వచ్చింది" అంటూ మాతో పాటు కిందికి దిగి నీలం మూత తీశాడు. వేలు ముంచి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. "అన్నా, ఇది వాసన వస్తలేదు. జర ఘాటుగ రావాలె కదా?"

"జలుబు చేసిందేమో నీకు" అన్నారు మా ఆయన, విసురుగా.

భాయ్ మూత పెట్టేశాడు. బ్యాటరీ వైరు తీసి కాసేపాగి మళ్ళీ తగిలించాడు. లైటు పోలేదు. అప్పుడు గొంతు తగ్గించి ఇంకో దారి చెప్పాడు.

"చిన్న డబ్బా ఒకటి దొరుకుతది వదినా. పెట్టిచ్చినమనుకో, లోపల అంతా మంచిగనే ఉందని బండికి అదే చెప్తది. లైటు రాదు, నీళ్ళు పోసే పని సుత లేదు. మస్తు మంది పెట్టిచ్చుకుంటున్నరు."

నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఎలాగోలా బండి నడిస్తే చాలు నాకు. కానీ మా ఆయన ఒప్పుకోలేదు.

"వద్దు. పొగ పరీక్షలో పట్టుకుంటే వారంటీ పోతుంది, బండీ పోతుంది. అలాంటి దొంగపని నా బండికి చెయ్యనివ్వను."

"నువ్వే ఒకపాలి సోంచాయించు అన్నా..."

"వద్దన్నానా!"

అంత గట్టిగా అరిచే ఓపిక ఆయనకుందని నేననుకోలేదు. భాయ్ నాకేసి చూసి తలదించుకున్నాడు. చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే వచ్చేవారం రమ్మన్నారు. ఈలోగా కిలోమీటర్లు వృథా కాకూడదని నాకొక పిచ్చి పట్టుకుంది. నిజానికి పంజాగుట్ట వెళ్ళిరావడానికి ఆ అంకెలో తరిగేదెంత? అయినా, పదిమందికి పాఠాలు చెప్పేదాన్నే గానీ, తెరమీద ఆ అంకె చూస్తే బుర్ర పనిచేసేది కాదు. ఏదో ఒక ఉదయం అది మోసం చేస్తుందని, ఆయన లోపల కూర్చుని ఉండగా బండి కదలదని భయం. అందుకని ఒకరోజు ఆయన్ని ఆటోలో తీసుకెళ్ళాను.

వెళ్ళడం బాగానే వెళ్ళాం. వచ్చేటప్పుడే కష్టమైంది, నాలుగు గంటలు రక్తం తిప్పిన ఒళ్ళు అది. వానకి రోడ్డంతా గుంతలు. మెట్రో స్తంభాల పక్కన ఆటో ఎగిరెగిరి పడుతుంటే సూదులు గుచ్చిన చేతిని రెండో చేత్తో గుండెకి హత్తుకుని కూర్చున్నారు. అమీర్‌పేట దాకా వచ్చాక తల బయటికి పెట్టి వాంతి చేసుకున్నారు. పక్కన బైకుమీద పోతున్న కుర్రాడెవడో తిట్టుకుంటూ తప్పుకున్నాడు. ఆయన మూతి తుడుచుకోబోతే రుమాలు ఆటోలోనే, ఆయన మోకాలి దగ్గరే పడుంది. దాన్ని వెతుకుతూ సీటంతా తడుముతున్నారు. నేను తీసి ఇచ్చాను. కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకున్నాను.

ఇంటికొచ్చాక, "సారీ అండీ, ఇంకెప్పుడూ ఆటో ఎక్కించను" అన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నారు.

సర్వీస్ సెంటర్‌లో ఒకబ్బాయి లాప్‌టాప్‌కి వైరు తగిలించి చూశాడు. నేను పక్కనే నిలబడ్డాను.

"సెన్సార్ బాగానే ఉంది మేడమ్. ట్యాంకులో ఉన్నదే తేడా. దాదాపు నీళ్ళే చూపిస్తోంది. ఎక్కడ కొన్నారు?"

"మా ఆయన తెచ్చారు. ఏ షాపో తెలీదు."

"నకిలీవి కూడా వస్తున్నాయి. క్యాను ఉంటే రేపు పట్టుకురండి. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, కడిగి, కొత్తది పోస్తాం."

దారి పొడవునా ఆ షాపువాణ్ణి తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. జబ్బు మనిషికి నీళ్ళు అంటగట్టాడు, వాడి అంతు చూడాలి అనుకున్నాను. బండి పెట్టి సెల్లార్‌లో మెట్లకింద మా సామాను ఉండే మూలకి వెళ్ళాను. డీఈఎఫ్ క్యాన్లు రెండూ అక్కడే ఉన్నాయి. ఎత్తబోతే బరువుగా తగిలాయి. సీలు కూడా తియ్యలేదు. వాటి పక్కన ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు. అవీ అదే సైజు, అదే తెలుపు. రెండూ ఖాళీ.

కాసేపటిదాకా ఇంకేదో కారణం వెతికాను. చీకట్లో పొరబడ్డారేమో. కానీ ఆదివారం ఆయన పోసింది పట్టపగలు. క్యాను మీద అక్షరాలు అరచేయంత ఉన్నాయి. నీలం బొమ్మ కూడా ఉంది. నా క్లాసులో పిల్లలకి మొదటిరోజే చెప్తాను, ఏదైనా పాడైతే చివరగా మారిందేమిటో చూడమని. అలా చూస్తే ఒకదాని వెనక ఒకటి అన్నీ వచ్చి నిలబడ్డాయి. కొన్ని నెలల నుంచి పేపరు చదవడం మానేశారు. మాత్రల అట్టలు నా చేత్తోనే తీయించుకుంటున్నారు. ఫోన్ వస్తే, ఎవరో చూడు అంటున్నారు. సాసర్‌లోకి టీ ఒలికితే చెయ్యి వణికిందనేవారు. నీరసం అనుకున్నాను అన్నీ. డయాలిసిస్ మనిషి ఏం చేసినా దానికి నీరసమనే పేరు పెట్టెయ్యడం నాకూ అలవాటైపోయింది.

రెండు రకాల క్యాన్లూ చెరొకటి పైకి తీసుకెళ్ళాను. ఆయన టీవీ ముందు కూర్చుని వార్తలు వింటున్నారు. క్యాన్లు కాళ్ళముందు పెట్టి టీవీ ఆపాను.

"ఆదివారం బండిలో ఏది పోశారండీ?"

"డీఈఎఫ్. ఇంకేం పోస్తాను?"

"ఈ రెంటిలో ఏదది?"

చెయ్యి చాచి ఒకదాన్ని కదిపి చూశారు, తర్వాత రెండోదాన్ని. "ఖాళీది" అన్నారు, ఇందులో తెలీనిదేముంది అన్నట్టు.

"దాని మీద ఏం రాసుందో చదవండి."

ఆయన చదవలేదు. క్యాను పిడి మీద చెయ్యి అలాగే ఉంచి కూర్చున్నారు. కింద వీధిలో ఇన్‌స్టిట్యూట్ కరపత్రాలు పంచేవాళ్ళ కేకలు వినిపిస్తున్నాయి.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"ఎడమకన్ను ఎప్పుడో పోయింది. కుడికంటికి పొగమంచులో చూసినట్టుంటుంది. ఒక్కోసారి నల్లటి మరకలు కదుల్తాయి."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"ఏమని చెప్పను? కిడ్నీలు పోయాయన్నారు, విన్నావు. ఉద్యోగం చేసుకుంటూ నన్ను మోస్తున్నావు. బండి నేర్చుకున్నావు. ఇది కూడా చెప్తే నాకంటూ ఏం మిగుల్తుంది? ఆ ట్యాంకులో నీళ్ళు పోసే పనొక్కటీ నాదని..." ఆగిపోయారు.

నాకప్పుడు ఇంకో సంగతి తట్టింది.

"బండి మానేసింది అలసటకి కాదా?"

అప్పుడు చెప్పారు. ఆ పొద్దున్న ఎస్.ఆర్. నగర్ సిగ్నల్ దగ్గర ఎడమవైపు నుంచి స్కూటీ మీద ఒకమ్మాయి వచ్చింది. ఆయనకి అసలు కనిపించలేదు. వెనక సీట్లో ఎవరో అరిస్తే బ్రేకు తొక్కారు. అద్దం ఆ అమ్మాయి భుజానికి తగిలి విరిగింది, అంతే. అమ్మాయి పడలేదు. తిట్టి వెళ్ళిపోయింది. కార్లో ఉన్న పిల్లల్ని గచ్చిబౌలిలో దించి, బండిని ఎక్కడా ఆపకుండా ఇంటికి తెచ్చి తాళంచెవి బల్లమీద పెట్టారు.

"అంతకుముందు ఎన్నాళ్ళు నడిపారు, ఒక కంటితో?"

ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు.

"వాళ్ళకీ అమ్మానాన్నలున్నారండీ!" అని అరిచాను. అరిచాక ఏడ్చాను. ఆయన లేచి నా దగ్గరికి రాబోయి, మధ్యలో ఉన్న క్యానుకి కాలు తగిలి తూలారు. పట్టుకున్నాను. ఇద్దరం అలాగే నేలమీద కూర్చుండిపోయాం. ఆ పూట వంట చెయ్యలేదు.

మర్నాడు సర్వీస్ సెంటర్‌లో ట్యాంకు ఖాళీ చేశారు, కడిగారు, సీలు తియ్యని మా క్యాన్లే విప్పి పోశారు. పొగగొట్టం దగ్గర ఉప్పులా తెల్లగా పేరుకున్నదాన్ని వేడినీళ్ళతో కరిగించారు. నకిలీ సరుకా అని అడిగాడు ఆ అబ్బాయి. కాదు, ఇంట్లోనే పొరపాటు జరిగిందన్నాను. అంతకుమించి చెప్పలేదు. అయినా లైటు పోలేదు. పోసింది మంచిదేనని బండి నమ్మడానికి కొంత సమయం పడుతుందని, హైవే మీద ఆగకుండా ఒకే వేగంతో కాసేపు నడపమని చెప్పాడు.

ఆదివారం ఉదయం బయల్దేరాం. భాయ్ నడుపుతానన్నాడు. నేనే వద్దన్నాను. ఎర్రగడ్డ, మూసాపేట, కూకట్‌పల్లి దాటేసరికే నా జాకెట్టు చేతులు చెమటకి తడిశాయి. హైవే అంటే నాకు అదే మొదటిసారి. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఇంక తెరుచుకుని ఉండాల్సిన అవసరం లేదన్నట్టు.

"ఇంజను గట్టిగా అరుస్తోంది, గేరు మార్చు."

మార్చాను.

"ఇప్పుడు బాగుంది. ఇలాగే పోనీ. కుడివైపు లారీ వస్తోంది, నీ దారి నువ్వు వదలకు."

అద్దంలో చూశాను. నిజంగానే లారీ. ఆయన కాలు నేలకేసి తొక్కడం లేదని అప్పుడు గమనించాను. అరవడం కూడా లేదు. పటాన్‌చెరు దాటి చాలాదూరం వెళ్ళాక, తెరమీది అక్షరాలు ఎప్పుడు పోయాయో గాని, చూసేసరికి లేవు. పసుపు లైటు కూడా లేదు.

"పోయిందండీ."

"నిజంగా పోయిందా?"

"నిజంగానే."

"నా కోసం చెప్పడం లేదుగా?"

"లేదండీ. పోయింది."

ఆయన తలూపారు. కాసేపయ్యాక, "ఎక్కడైనా ఆపి టీ తాగుదాం" అన్నారు. నీళ్ళు కొలిచి తాగాల్సిన మనిషి. అయినా ఆపాను. అరకప్పు టీ ఇద్దరం పంచుకున్నాం. ఆ శ్రావణమాసంలో మాకు దొరికిన మంచి పూట అదొక్కటే.

ఆ వారమే కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. షుగరు వల్ల కంటి లోపల రక్తం చిమ్మిందని, ఎడమకన్నుకి చెయ్యగలిగింది లేదని చెప్పారు. కుడికంటికి లేజర్ చేశారు. ఉన్నది నిలుస్తుంది, పోయింది రాదన్నారు. ఏడాది ముందు వచ్చుంటే అని డాక్టరమ్మ మొదలుపెట్టి, ఆయన మొహం చూసి ఆపేసింది.

నిలుస్తుందన్నది కూడా ఎక్కువకాలం పనికిరాలేదు. మరుసటి ఎండాకాలంలో, డయాలిసిస్ జరుగుతుండగా, ఆయన గుండె ఆగిపోయింది. నేను బయట వరండాలో ఫోన్‌లో పిల్లలకి క్లాసు చెప్తున్నాను. నర్సు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

కారుని కొన్నాళ్ళు ఉంచుకుని అమ్మేశాను. కొనడానికి వచ్చినవాళ్ళకి నీలం మూత చూపించి, ఇందులో ఏం పొయ్యాలో, ఏం పొయ్యకూడదో నేనే చెప్పాను. వాళ్ళు మాకు తెలుసమ్మా అన్నారు. భాయ్ ఇప్పటికీ ఎప్పుడైనా ఫోన్ చేస్తాడు. అన్న మస్తు మంచోడు వదినా, ఇంత పెద్ద సిటీల ఒక్క యాక్సిడెంట్ చెయ్యకుండ నడిపిండు అంటాడు. నేను అవునంటాను.

ఆయన మీద బెంగ ఉంది. అది అందరికీ చెప్పుకోవచ్చు, చెప్పుకుంటాను. కోపం కూడా ఉంది. సగం చూపుతో ఆ పిల్లల్ని ఎక్కించుకుని తిరిగిన పొద్దులు తలుచుకుంటే ఇప్పటికీ అన్నం ముద్ద దిగదు. ఎస్.ఆర్. నగర్ సందుల్లో, వీపున బ్యాగులు తగిలించుకుని బండి కోసం నిలబడ్డ ఆడపిల్లలు కనిపిస్తే ఆ కోపాన్ని ఎవరి దగ్గర దించుకోవాలో తెలీక, రోడ్డు దాటి అవతలి పక్కనుంచి నడిచి వెళ్ళిపోతాను.